సిరిసిల్లంతా తిరిగిన డిపాజిట్

మా జలపతి అన్నకు బ్యాంకులో ఉన్నది ఒకే ఒక్క గడువు డిపాజిట్. దాన్ని చూసుకోవడానికి మాత్రం ఆయన బ్యాంకుకు వచ్చేవాడు కాదు, ఊళ్లన్నీ తిరిగేవాడు. ట్రాక్టరు మీదో, మరమగ్గం మీదో మా బ్యాంకు పేరు రాసి కనిపిస్తే చాలు, ఆగి ‘నా పైసలు ఎట్లున్నయ్?’ అని పరామర్శించేవాడు.

నేను ఆ బ్యాంకులో గుమాస్తాను. తంగళ్ళపల్లిలో ఆయనది మా పక్కిల్లు. రోజూ పొద్దున నా బండి వెనక ఎక్కి మానేరు వంతెన దాటి సిరిసిల్లలో దిగేవాడు. పెట్రోలు నాది, పెత్తనం ఆయనది.

అసలు దీనికంతటికీ కారణం మా మేనేజర్ గంగాప్రసాద్‌గారు. జలపతి అన్న మస్కట్‌లో ఏళ్ల తరబడి సిమెంటు మోసి, నడుము పాడుచేసుకుని, ఐదు లక్షలతో తిరిగొచ్చాడు. ఆ డబ్బు ఐదేళ్లకు వేయడానికి వచ్చిన రోజు, దాన్ని ఏ గదిలో పెడతారో ఒకసారి చూపించమన్నాడు. మేనేజర్‌గారికి పాఠం చెప్పడమంటే భోజనం కన్నా ఇష్టం. కుర్చీ వేయించి కూర్చోబెట్టారు.

సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుంటారు కాబట్టి బ్యాంకుకు దాని మీద అంత నమ్మకం ఉండదన్నారు. గడువు డిపాజిట్ అలా కాదు. ఐదేళ్లు ముట్టనని మాటిచ్చారు, ఆ మాటకే వడ్డీ ఎక్కువ. మధ్యలో తీస్తే వడ్డీలో కోత. ఆ ధైర్యంతో బ్యాంకు కొంత అట్టిపెట్టుకుని మిగతాది అప్పులిస్తుంది. అప్పు తీసుకున్నవాడు మగ్గం కొంటే, మగ్గం అమ్మినవాడు ఆ డబ్బు తెచ్చి మళ్లీ ఏదో ఒక బ్యాంకులో వేస్తాడు. మీ ఐదు లక్షలు మీ పేరు మీద అలాగే ఉంటాయి, అతని డబ్బు అతని పేరు మీద చేరుతుంది. అందుకే దేశంలో డబ్బెంతుందో లెక్కవేసే పెద్దలు జనం చేతిలోని నోట్లతో, అడిగినప్పుడు ఇచ్చే ఖాతాలతో ఆగరు, గడువు డిపాజిట్లను కూడా కలిపి ఇంకో పెద్ద లెక్క వేస్తారని ముగించారు.

జలపతి అన్న అంతా శ్రద్ధగా విన్నాడు.

“అంటె నా పైసలు గీడ కూసున్నయ్, బయట తిరుగుతున్నయ్ గూడ.”

“ఒక రకంగా అంతే” అన్నారు మేనేజర్‌గారు.

ఆ ‘ఒక రకంగా’ను జలపతి అన్న టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడే మా ఊరి నర్సన్న ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డాడు. దాని రెక్క మీద మా బ్యాంకు పేరుంది. గుంతల్లో మెల్లగా నడపమని, అందులో తన పైసలున్నాయని చెప్పాడు. అలాగైతే డీజిల్‌కు సగం ఇవ్వమన్నాడు నర్సన్న. డిపాజిట్ వేసినవాడు డీజిల్ పోయడని జవాబు. ఇంకోసారి ఒక ముసలామె లోను మీద కొన్న బర్రె పాలివ్వడం మానేసింది. ఈయన నా కౌంటరు దగ్గరికొచ్చి, అందరూ వినేట్టు, “తమ్మీ, డిపాజిట్ వట్టిపోయింది” అన్నాడు. ఇది విని ఇద్దరు ముగ్గురు తమ డిపాజిట్లు తీసేస్తామని లేచారు. వాళ్లను మళ్లీ కూర్చోబెట్టేసరికి నా మధ్యాహ్నం గడిచిపోయింది.

ఇంట్లో వదిన లక్ష్మవ్వ పోరు వేరే. పెంకుటిల్లు కురుస్తోంది, ఆ పైసలు తెచ్చి స్లాబు వేయమని ఆమె. గడువు కానిది ముట్టనని ఈయన. వాన పడినప్పుడల్లా మంచం ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకునేవాడు గానీ డిపాజిట్ జోలికి పోలేదు.

ఇంతలో సిరిసిల్లకు చెడ్డకాలం వచ్చింది. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. పొద్దుమాపు సాంచాల చప్పుడుతో నిండే వీధులు మూగబోయాయి. నేసిన గుడ్డ అడిగేవాడు లేడు. కొందరు మగ్గాల పని వెతుక్కుంటూ భీవండి బస్సెక్కారు, కొందరు దుబాయి ఏజెంట్ల చుట్టూ తిరిగారు. కొన్ని ఇళ్ల ముందు తెల్లారేసరికి ఏడుపులు వినపడి జనం గుమిగూడి ఉండేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

మా బ్యాంకు అప్పు మీద నాలుగు సాంచాలు పెట్టుకున్న ఎల్లేశం కూడా మాట్లాడడం తగ్గించాడు. జలపతి అన్న పరామర్శలన్నీ ఇప్పుడు ఆ ఒక్క ఇంటికే. పొద్దున్నే తలుపు కొట్టడం, సాంచాల మీద చెయ్యి వేసి చూడడం, దుమ్ము పట్టనిచ్చారని తగవు పెట్టుకోవడం. ఎల్లేశం భార్య ఊర్మిల చాయ్ ఇస్తే, తాగి, సాయంత్రం మళ్లీ వచ్చేవాడు. ఎల్లేశానికి ఒళ్లు మండిపోయేది. ఈ మనిషిని కట్టేయమని నన్ను వీధిలో ఆపి మరీ అడిగాడు. నాకైతే సిగ్గేసింది. మునిగిపోయేవాడి దగ్గర కూడా తన పైసలేనా అని జలపతి అన్న మీద నిజంగానే కోపమొచ్చింది.

ఒకరోజు ఎల్లేశం పాత ఇనుప సామాన్ల వ్యాపారిని పిలిచాడు. సాంచాలను కిలోల లెక్కన అమ్మేద్దామని. వ్యాపారి కాటా దింపేలోపే జలపతి అన్న వచ్చి సాంచా మీద ఎక్కి కూర్చున్నాడు.

“నా పైసలు కిలోల లెక్క అమ్ముతవా? మరి నన్ను గూడ తూకం వెయ్యి.”

వ్యాపారి ఎంత దిగమన్నా దిగలేదు. ఊర్మిల నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైందట. చివరికి వ్యాపారి కాటా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు జలపతి అన్న ఎల్లేశం నేసిన లంగా గుడ్డ తాను ఒకటి చంకన పెట్టుకుని బస్సెక్కాడు. జగిత్యాలలో, కోరుట్లలో బట్టల దుకాణం కనిపిస్తే చాలు, ఎక్కి గుడ్డ పరిచేవాడట. ఇది తన డిపాజిట్ నేసిన గుడ్డ అని చెప్పేవాడట. చాలామంది పిచ్చివాడనుకుని పంపేశారు. కోరుట్లలో ఒక సేటు మాత్రం, ఈయన లేచేలా లేడని తెలిసి, కొన్ని తానులు పంపమన్నాడు. గుడ్డ బాగుందని తర్వాత ఇంకొన్ని అడిగాడు. ఎల్లేశం ఇంట్లో ముందు ఒక సాంచా మోగింది, పండుగల నాటికి రెండోది. అప్పు పూర్తిగా తీరలేదు గానీ మనిషి మళ్లీ గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టాడు. ఎక్కువగా జలపతి అన్ననే.

డిపాజిట్ గడువు తీరింది. ఆ రోజు బండి మీద వస్తుంటే ఆయన ముఖం అద్దంలో చూశాను, దిగులుగా ఉంది. ఐదు లక్షలు వడ్డీతో సహా వస్తుంటే ఏం దిగులని అడిగాను.

“పైసలు తీస్తె ఎల్లేశం ఇంటికి ఏమని పోవాలె తమ్మీ?”

ఊరికే పొమ్మన్నాను. డిపాజిట్ ఏ ఒక్క సాంచాలోనూ లేదని, అందరి డబ్బూ ఒకటిగా కలిసిపోతుందని, ఎల్లేశం కట్టకపోయినా నీది నీకొచ్చేదని ఇన్నేళ్లు దాచుకున్న విసుగంతా కలిపి చెప్పాను.

“గది నాకెర్కనే. రెండో రోజే మేనేజర్ సారును అడిగిన.”

బండి వంతెన మీద ఆపేశాను.

“ఊరికెనె పోతె ఎట్లున్నవని అడగాలె. గట్ల అడిగితె మంచిగున్న అంటడు. మస్కట్ల మా రూముల ఒకడు రోజు మంచిగున్న అనెటోడు. ఒకనాడు రాత్రి పానం తీసుకున్నడు. నా పైసలు ఎట్లున్నయంటె కోపానికొస్తడు. కోపమొచ్చినోడు మాట్లాడుతడు. గది సాలు నాకు.”

బండి స్టార్ట్ చేశాను.

బ్యాంకులో అంతా తీసేసుకున్నాడు, లక్ష్మవ్వ వదిన స్లాబు కోసం. కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆగి, ఒక్క వెయ్యి రూపాయలు మళ్లీ ఐదేళ్లకు వేయమన్నాడు. మేనేజర్‌గారు నా వైపు చూసి నవ్వారు. ఆయనకు ముందే తెలుసన్నమాట.

సాయంత్రం ఆయన్ను తీసుకుపోదామని వెతుక్కుంటూ వెళితే ఎల్లేశం ఇంటి గుమ్మంలో కనిపించాడు. విషయం అప్పటికే వాళ్లకు చేరింది. నడుం మీద చేతులు పెట్టుకుని జలపతి అన్న లోపలికి తొంగిచూస్తున్నాడు.

“ఏమయ్య, నా వెయ్యి రూపాయలు ఎట్లున్నయ్?”

ఎల్లేశం సాంచా ఆపాడు. ముఖం గంటు పెట్టుకుని వచ్చి, సాంచాలో పోగును అటూ ఇటూ మోసే పాత నాడె ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

“వెయ్యి రూపాయలకు గిదే అచ్చేది. రోజు అచ్చి సూస్కో.” తర్వాత లోపలికి తిరిగి, “ఊర్మిలా, డిపాజిట్ అచ్చింది, చాయ్ పెట్టు” అన్నాడు.