జానెడోళ్లు ఎక్కే పొట్టేలు

మొన్న వానలో హనుమకొండ బస్టాండులో కూర్చుని ఉంటే, తడిసిన గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బెంచీ మీదివాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయారు. నేను లేవలేదు. తడి ఉన్ని, అందులో పట్టించిన చింతగింజల గంజి, గొర్రెల దొడ్డి, అన్నీ కలిసిన ఆ వాసనలో నేను పుట్టి పెరిగాను. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది కూడా.

మాది వర్ధన్నపేట దగ్గరి పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. డెబ్బైల చివర, నేను పలక పట్టిన కొత్తలో, పొద్దు పొడవకముందే దొడ్డి తడక తీసిన చప్పుడు, నల్ల గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడే తొక్కిసలాట, వాటి వెనక లేచే దుమ్ము, ఆ దుమ్ములోంచి బాపు వేసే ఈల. ఎండాకాలమైతే అంబలి, చలికాలమైతే జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయల తొక్కు, బతుకమ్మకు బెల్లం కలిపిన సత్తుపిండి. మగవాళ్లు మందతో పోయాక మధ్యాహ్నాలన్నీ మా నాయినమ్మవి. వసారాలో కాళ్లు చాపుకుని కదురు తిప్పుతూ ఉన్ని వడికేది. చెయ్యి ఆడితే ఆమెకు నోరూ ఆడేది.

ఆమె కథల్లో నాకు జానెడోళ్లంటే ప్రాణం. పేరుకు తగ్గట్టే జానెడెత్తు మనుషులు, గడ్డాలు మాత్రం మోకాళ్ల దాకా. దొడ్డి గోడ సందుల్లో కాపురం. తుమ్మముల్లు కత్తి, చింతకాయ పెంకు డాలు. మంద మీదికి తోడేలొచ్చినా, ఇంటి మీదికి అడవి జ్వరమొచ్చినా, ఒక్కొక్కడు ఒక్కో పొట్టేలెక్కి యుద్ధానికి పోతారు.

"ముంగట పెద్ద పొట్టేలు మీద వాళ్ల రాజు, ఎనుక దండంత. ఒక్క ఢీ కొడితే తోడేలు పక్కబొక్కలు ఇరిగినట్టే" అనేది నాయినమ్మ.

జ్వరాన్ని ఎట్లా ఢీకొడతారని అడిగితే, జ్వరానికీ రూపముంటుందని, మనకు కనబడదుగాని వాళ్లకు కనబడుతుందని చెప్పేది. యుద్ధం అయ్యాక పొట్టేళ్లను ఎక్కడివక్కడ నిలబెట్టి పోతారట. పొద్దున రొప్పుతున్న పొట్టేలు కనబడితే చాలు, కొమ్ములకు నెత్తురు అంటిందేమోనని నేను వంగి వెతికేదాన్ని.

అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఉన్ని కత్తిరించేటప్పుడు పెద్ద పొట్టేలు మెడ మీద పిడికెడు ఉన్ని వదిలేయాలి, రాజు పట్టుకోవడానికి. తాత వదిలాడు, బాపూ వదిలేవాడు. ఆ యేడాది వానలకు ముందు కత్తెర చిన్నాయన చేతికొచ్చింది. చిన్నాయన అంటే బాపు తమ్ముడు, కొత్తగా పెళ్లయినవాడు, వరంగల్లులో సినిమా చూసొచ్చి వారం పాటు హీరో నడక నడిచే మనిషి. పొట్టేలు మెడ నున్నగా గొరిగేసి, "రాజునుగూడ బస్సెక్కి రమ్మను" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నాయినమ్మ నవ్వలేదు. ఆ ఉన్ని ఏరుకుని కొంగున ముడేసుకుంది.

నాట్లు పడ్డాక మా ఊళ్లో గొర్రెలకు మేత దొరకదు. మందను ములుగు అడవికి తోలుకుపోవాలి, మళ్లీ కోతలయ్యాకే రావాలి. బాపుతో పాటు చిన్నాయన పోయాడు, అడవికి పోవడం అతనికి అదే మొదలు. మెడ బోసిపోయిన పెద్ద పొట్టేలును మాత్రం నాయినమ్మ కదలనివ్వలేదు, ఉన్ని పెరిగాకే పంపుతానని దొడ్లోనే కట్టేసుకుంది.

బతుకమ్మకు గునుగుపూలు ఏరుతున్న రోజుల్లో చిన్నాయన అడవి జ్వరంతో తిరిగొచ్చాడు. మందను విడిచి రాలేక బాపు అతన్నొక్కడినే బస్సెక్కించాడట. మూడు గొంగళ్లు కప్పినా మంచం గడగడలాడింది. ఊళ్లో జీపు నడిపే కాసీం మామ జీపు తెచ్చి వాకిట్లో పెట్టి, "జర జల్ది జేయిన్రి" అంటున్నాడు. చిన్నమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉంది. నాయినమ్మ పొట్టేలును తెచ్చి మంచం కోడుకు కట్టేసింది. కొంగున దాచిన ఉన్నిని అప్పటికప్పుడు వడికి, ఆ తాడు దాని మెడకు చుట్టింది.

"ఇగ పట్టు దొరికింది. ఎక్కుతరు సూడు" అంది.

ఆ పగలంతా నేను పొట్టేలు మీంచి చూపు తిప్పలేదు. ఒకసారి అది చెవులు విదిలించింది. రాజు ఎక్కాడని నాకు తెలిసిపోయింది. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను.

పొద్దు వాలేసరికి చిన్నాయనకు చెమటలు పట్టి జ్వరం దిగింది. మర్నాడు లేచి కూర్చుని మజ్జిగ పోసుకుని గట్క తిన్నాడు, నా జడ కూడా లాగాడు.

"గెలిచిండ్రు. ఇగ ఫికర్ లేదు, నువ్వు పో కాసీమూ" అని, పొద్దున మళ్లీ వచ్చిన జీపును నాయినమ్మ పంపించేసింది.

ఆ జ్వరం రోజు విడిచి రోజు వస్తుందని, విడిచిన రోజు ఒళ్లు తేలికై మనిషిని మోసం చేస్తుందని ఏటా అడవికి పోయే మగవాళ్లకు తెలుసు. వాళ్లంతా అడవిలో ఉన్నారు. ఆ మర్నాడు అది మళ్లీ వచ్చింది. చిన్నాయన ఎవరినీ గుర్తుపట్టలేదు. జీపేమో కిరాయికి ఖమ్మం పోయింది. బండి కట్టి రోడ్డు మీదికి చేర్చి, లారీని ఆపి ఎక్కిస్తే, వరంగల్లు పొలిమేర దాటకముందే ప్రాణం పోయింది.

చాలా రోజుల తర్వాత నేను బుద్ధిలేక కథ చెప్పమన్నాను. నాయినమ్మ కదురు ఆపలేదు.

"ఎవ్వలు లేరు బిడ్డా. ఉంటె నా కొడుకును గట్ల ఇడిచిపెడుదురా?"

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఉన్ని వడికింది, కథ మాత్రం చెప్పలేదు. ఎనభైల్లో మందను అమ్మేశాం. మేత బీళ్లలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి. కదురు తిప్పే చెయ్యి మా వంశంలో ఒక్కటి లేదు.

ఇదంతా రాద్దామని కూర్చుంటే జానెడోళ్ల గడ్డాలు నల్లవో తెల్లవో గుర్తు రాలేదు. చిన్నమ్మను అడుగుదామని పోయాను. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు, బీడీలు చుట్టుకుంటూ బతికింది, తమ్ముడింట్లో ఉంటోంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ నా ప్రశ్న విన్నది.

"గడ్డాల ముచ్చట నాకెర్కలేదు బిడ్డా. జీపు తోల్కచ్చింది నేను. దవాఖానకు పోదామని అత్త కాళ్లు మొక్కిన, మొత్తుకున్న. కనపడని రాజు మాట నమ్మిండ్రు గని, కండ్ల ముంగట ఏడ్సెటి దాని మాట ఎవ్వలిన్నరు?"

నేను అప్పుడు ఆ వసారాలోనే ఉన్నాను. పొట్టేలు చెవులు విదిలించడం నాకు గుర్తుంది. చిన్నమ్మ ఏడ్చిన గొంతు ఎంత వెతికినా గుర్తుకు రాలేదు.