దీర్ఘశాంతంగారి రాయి

వీధిలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కడం ఆయన పని. పోయినవాళ్ల గురించి బతికున్నవాళ్లు చెక్కించుకునే వాక్యాల్లో దీర్ఘశాంతం అనే మాటకు గిరాకీ ఎక్కువ. ఆ మాటను ఆయనంత అందంగా చెక్కగలవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ ఓర్పు ఆయనంత తక్కువగా ఉన్నవాడూ లేడు. అందుకని జనం ఆయనకు దీర్ఘశాంతంగారని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా కాదులెండి. ఎదురుగా అనేవాడు ముందు తన రాయికి ఆర్డరిచ్చుకుని రావాలి.

కోపం ఆయన ముక్కు మీదే కాపురం ఉండేది. కళ్లజోడు పదేపదే జారిపోయేది అందుకేనని భార్య నవ్వేది. చిత్రమేమిటంటే, పని దగ్గర అంత నిదానస్తుడు ఇంకొకడు కనపడడు. ఉలి పట్టడం నేర్పిన రోజునే తండ్రి ఒక షరతు పెట్టాడు: "రాసిన రోజు చెక్కకు. సుద్దతో రాసి పడుకో. లేచి చదువు, ఇంకొకరిచేత చదివించు. అప్పుడు ఉలి ముట్టుకో." ఊడిన పెచ్చు మళ్లీ అతుక్కోదు కాబట్టి ఆ షరతును ఆయన ఒక్క గిరాకీ విషయంలోనూ తప్పలేదు. ఇంట్లో నోరు తెరిచినప్పుడు మాత్రం సుద్ద లేదు, చదివించడం లేదు, నేరుగా ఉలే.

ఆదివారం ఆరాధనలో ముందు వరుస ఆయనది. ఒక వారం పాస్టరుగారు మోషే గురించి చెప్పారు. నీళ్ల కోసం బండతో మాట్లాడమని దేవుడంటే, జనం మీద కోపంతో మోషే కర్రెత్తి బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లైతే వచ్చాయి గానీ, అన్నేళ్లు నడిచిన మనిషి వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేకపోయాడు. మన దీర్ఘశాంతంగారు ఇంటికొస్తూ దారంతా ఆలోచించి, "రెండు దెబ్బలకే లొంగిందంటే మెత్తరాయి అయ్యుంటుంది" అన్నాడు.

"మాట్లాడమన్నచోట కొట్టాడు. ఆయన చెప్పిందది" అంది భార్య.

"అదీ విన్నాన్లే."

ఆ ఏడే వాళ్లమ్మ పోయింది. ఆయనకు తోడబుట్టింది ఒక్క చెల్లెలు, వేరే ఊళ్లో కాపురం. మర్నాడు సాయంత్రం సమాధి కార్యక్రమమని ఆమెకు కబురు వెళ్లింది. ఇంతలో మబ్బు పట్టింది. వాన దిగితే గుంటలో నీళ్లు నిలుస్తాయి, పొద్దున్నే కానిద్దామన్నారు పాస్టరుగారు.

"నేను చెప్తాను ఫోన్లో" అంది భార్య.

"నా చెల్లెలికి నేను చెప్పుకోలేనా?"

"సరే. ముందు టైం చెప్పండి. తర్వాత తిట్టండి."

ఆయన వరస మార్చాడు. అమ్మ మంచాన పడ్డప్పుడు ఎన్నిసార్లు వచ్చావని మొదలుపెట్టి, ఇంతెత్తున లేచి, అవతల చెల్లెలు ఏదో చెప్పబోతుంటే ఫోన్ పెట్టేశాడు. భార్య వంక తిరిగి, "చెప్పాల్సిందంతా చెప్పేశాను" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

పొద్దున కార్యక్రమానికి చెల్లెలు రాలేదు. సాయంత్రం వచ్చింది, చేతినిండా తెల్లపూలతో. అప్పటికి మట్టి కప్పేశారు. ఆయన ఆమె మొహాన తలుపు వేశాడు. గేటు పట్టుకుని ఏడుస్తున్న ఆమెను చూసి భార్య తల్లడిల్లిపోయింది.

"ఎందుకాలస్యమైందో ఒక్కమాట అడగండి."

"అడగడానికేముంది? కళ్లకు కనపడుతూనే ఉందిగా."

అమ్మ రాయి ఆయనే చెక్కాడు. నల్లరాయి, అద్దంలా తోమింది. పైన అమ్మ పేరు, కింద ప్రేమతో నిలిపినవాడు కుమారుడు అని సుద్దతో రాసుకున్నాడు. టీ తెచ్చిన భార్య వెనకనుంచి చదివింది.

"కూతురేదీ?"

"లేదు."

"ఇవాళ చెక్కకండి. మామయ్యగారి మాటే కదా అది. పడుకుని లేచి చదవండి."

"ఈ రాయి చదివి పెట్టడానికి నాకెవరూ అక్కర్లేదు."

నిద్ర కోసం ఆగని రాయి ఆయన చేతిలో అదొక్కటే. మాపటికల్లా అయిపోయింది. కింద కాస్త జాగా మిగిలింది, సరిగ్గా ఒక వరస పట్టేంత. అది ఆయన్ని అదేపనిగా చూస్తున్నట్టనిపించి, అక్కడ దీర్ఘశాంతం గురించిన బైబిలు వాక్యం వేసి జాగా పూడ్చేశాడు. పళ్లు నూరుకుంటూ చెక్కిన అక్షరాలు. చాలా బాగా కుదిరాయి.

రాయి నిలబెట్టే రోజున చెల్లెలు వచ్చింది. కబురుపెట్టింది వదినే. ఆమె రాయి ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివింది. గొడవ పడుతుందని జనం కాస్త ఆశగా జరిగారు. ఆమె గొంతు పెంచలేదు.

"సాయంత్రమన్నావు కదా అన్నయ్యా. మార్చారని నాకెవరు చెప్పారు?"

"ఫోన్ చేశాను కదా."

"చేశావు. ఎన్నిసార్లు వచ్చావని అడిగావు. అమ్మను ఎప్పుడు తీసుకెళ్తున్నారని నేనడిగేలోపు పెట్టేశావు. అమ్మ మొహం ఆఖరిసారి చూడలేదు నేను."

ఆయనకు కోపం వచ్చింది, అలవాటు చొప్పున. వాలడానికి ఒక మనిషిని వెతికింది. మబ్బు మీద వాలబోయి, పాస్టరుగారి మీద వాలబోయి, చివరికి ఎక్కడా చోటు దొరక్క ఇంటికే తిరిగొచ్చింది. చెల్లెలు పూలు అక్కడ పెట్టి గేటు వైపు నడుస్తోంది. ఇప్పుడు వెళ్లిందంటే ఇక రాదని ఆయనకు తెలిసిపోయింది. వాళ్లమ్మను అమ్మా అని పిలిచే నోరు ఈ భూమ్మీద తనది కాక అదొక్కటే. ఆయన భయపడ్డాడు.

"ఏం చెయ్యమంటావ్?" అన్నాడు భార్యతో. ఇన్నేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఆవిడ వినడం అదే మొదలు. కాసేపు తనను కాదేమో అనుకుంది.

"ముందు వెళ్లి మాట్లాడండి. తర్వాత ఆ వాక్యం తీసేయండి."

"వాక్యమా? దేవుడి మాటే."

"దేవుడేమీ అనుకోడు. ఆ జాగా మీ చెల్లెలిది."

పక్కనే ఉన్న పాస్టరుగారు అడ్డం చెప్తారేమోనని చూశాడు. ఆయన తన బూట్లకంటిన మట్టిని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

గేటు దగ్గర ఆయన ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. గొంతు అంత తగ్గించి మాట్లాడటం జనం చూడనిది, అందుకే పాపం కాస్త నిరాశపడ్డారు. చెల్లెలు మాత్రం ఆగింది.

నిలబెట్టిన రాయి మీద గట్టి దెబ్బ వేస్తే నిలువునా చీలుతుంది. వాక్యాన్ని ధూళి ధూళిగా గీకాలి. ఆయన రోజూ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, తన చేత్తో చెక్కిన దీర్ఘశాంతాన్ని తన చేత్తోనే అరగదీశాడు. ఆ మాట ఎంత లోతుగా దిగిందో అప్పుడు తెలిసింది. అరిగాక, కుమార్తె అని సుద్దతో రాసి ఇంటికెళ్లి పడుకున్నాడు. వాన వచ్చి చెరిపేసింది. మళ్లీ రాశాడు. చెల్లెల్ని పిలిచి చదివించాడు. భార్యచేత చదివించాడు. అప్పుడు ఉలి ముట్టుకున్నాడు.

ఆ రాయి ఇప్పటికీ ఉంది. కుమార్తె అన్న మాట మిగతా అక్షరాలకన్నా వేలి మందం లోతున, చిన్న గుంటలో ఉంటుంది. రాళ్లు చూడటానికి వచ్చే గిరాకీలు అక్కడ ఆగి, ఇంత మంచి పనివాడివి, ఈ గుంటేమిటని అడుగుతారు. వెనకటి రోజులైతే అడిగినవాడు ఇంటికి పరిగెత్తాల్సి వచ్చేది.

ఇప్పుడు ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "మాట్లాడమన్నచోట కొట్టాను" అంటాడు. ఆ తర్వాత వాళ్ల వాక్యం ఏమిటో అడిగి, సుద్దముక్క తీసుకుంటాడు.