ఎడమ కాలికి పని లేని బండి

ఆ రోజు నా కాలు క్లచ్ మీదే ఉంది. ఉందన్న సంగతి నాకే తెలియలేదు.

నేను కారు నడపడం నేర్పుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయన యాదగిరి, నేను కలిసి నడిపే చిన్న డ్రైవింగ్ స్కూల్ మాది. నేర్చుకునేవాళ్ల పక్కన, ఎడమ సీటులో కూర్చునే మా కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. వాళ్లు తడబడితే మేం తొక్కుతాం. ఆ ఉదయం ఎల్బీ నగర్ చౌరస్తాకు కాస్త ముందు నా స్టూడెంట్ కంగారుపడింది, బండి కుదుపులు మొదలుపెట్టింది. అలవాటుగా నా ఎడమ కాలు ముందుకు పోయింది. మందపాటి పరుపు మీద కాలు పెట్టినట్టుందే తప్ప పెడల్ తగిలినట్టు లేదు. వంగి చూస్తే కాలు పెడల్ మీదే ఉంది. బండి పక్కకు ఆపించి, చెప్పు తీసి అరికాలు గిల్లుకున్నాను. రెండు పాదాలూ తిమ్మిరి.

అంతకు ముందు వారం విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. బీ-కాంప్లెక్స్ సూది వేయించుకుని పడుకున్నాను. మర్నాటికి మెట్లు ఎక్కడం కష్టమైంది. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయాను. చేతులు ఆనించి లేవబోతే చేతులూ వణికాయి. యాదగిరి నన్ను ఎత్తుకెళ్లి మా ట్రైనింగ్ బండిలోనే కూర్చోబెట్టి మలక్‌పేట వైపున్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గేర్లు సరిగ్గా వేయడం లేదని దారి పొడవునా అతన్ని తిడుతూనే ఉన్నాను. అప్పటికి నోరొక్కటే బాగా పనిచేస్తోంది మరి.

న్యూరాలజిస్ట్ రబ్బరు సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశారు. కాళ్లు కదల్లేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అని జూనియర్‌తో అన్నారు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీశారు. జీబీఎస్ అన్నారు, అంటే గిలాన్ బారే సిండ్రోమ్. రోగాల మీద పోరాడాల్సిన ఇమ్యూనిటీ దారి తప్పి సొంత నరాల పైపొరనే దెబ్బతీస్తుందట.

"ఇది కాళ్ల నుంచి పైకి పాకుతుందమ్మా. ఇంటి దగ్గర ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేది. ఊపిరి కండరాల దాకా వస్తుందేమో చూస్తుండాలి" అన్నారు డాక్టర్ గారు.

మాటిమాటికీ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. పొద్దున గడగడా చెప్పినదాన్ని, సాయంత్రానికి సగంలోనే ఆయాసపడ్డాను. ఐసీయూకి మార్చారు. వెంటిలేటర్ పెట్టారు.

గొంతులో గొట్టం, చెయ్యి లేవదు, మాట లేదు. భయపడ్డాను. చనిపోతానేమో అన్న భయం కంటే, ఇలాగే ఉండిపోతానేమో అన్న భయం ఎక్కువగా ఉండేది. భయంతో పాటు ఒళ్లు మండేది కూడా. వచ్చినవాళ్లంతా నా గురించి నా మీదుగా మాట్లాడుకునేవారు. పేషెంట్‌ని ఇటు తిప్పండి, పేషెంట్‌కి సక్షన్ పెట్టండి. ఐవీఐజీ అని, దారి తప్పిన ఇమ్యూనిటీని అణిచే మందు నరంలోకి ఎక్కించారు. కొన్నాళ్లకు ఊపిరి మళ్లీ నా చేతికి వచ్చింది. గొట్టం తీశాక బొంగురు గొంతుతో నేను మొట్టమొదట అన్న మాట, "నా పేరు స్వరూప." నర్సు నవ్వి, తెలుసమ్మా అంది. తెలిస్తే అలాగే పిలవమన్నాను.

తర్వాత అన్నీ మొదటి నుంచి. మింగడం, పక్కకు ఒత్తిగిలడం, ఆసరా లేకుండా కూర్చోవడం. నేర్పిన ఫిజియోథెరపిస్ట్ పేరు సమీనా. చదువు అప్పుడే ముగించిన పిల్ల. ఆ వయసువాళ్లకు నేను ఎందరికో స్టీరింగ్ పట్టుకోవడం నేర్పాను. రెండు కడ్డీల మధ్య నన్ను మొదటిసారి నిలబెట్టి, కాళ్లు చూడమంది. ఇరవై ఏళ్లుగా నేను స్టూడెంట్లను కసిరేది దానికే కదా. కాళ్లు చూడొద్దు, రోడ్డు చూడు అని. అందుకని బింకంగా ఎదురుగా గోడ చూస్తూ అడుగు వేశాను. వెళ్లి సమీనా మీద పడ్డాను.

"మీ కాలు ఏడున్నదో మీకు చెప్తలేదు మేడం. గా పని ఇప్పుడు మీ కండ్లు చెయ్యాలె. కాలు బాగైనంక ముంగట చూద్దురు" అంది, నన్ను నిలబెడుతూ.

నేను మంచి స్టూడెంట్‌ని కాను. ప్రతిదానికీ వాదించేదాన్ని. ఆ పిల్ల వాదించనిచ్చేది, అయ్యాక మళ్లీ లేచి నిలబడమనేది. అందరూ ఆలోచించకుండా చేసే పని మనకు ఒక్కొక్క ముక్కగా చేస్తే తప్ప రాకపోతే ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు అక్కడ తెలిసింది. మొదటి రోజు స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లకు చెమటలు ఎందుకు పడతాయో కూడా తెలిసింది.

చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాను. వాకర్ అయింది, కర్ర అయింది. కుడి కాలు నెలలు గడిచేకొద్దీ బలం పుంజుకుంది. ఎడమ పాదం మాత్రం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటాయి. ఫుట్ డ్రాప్ అంటారు. పాదం వాలిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు. అయినా నేను ఒప్పుకోలేదు. ఇంటి ముందు ఆగి ఉన్న బండిలో కూర్చుని రోజూ క్లచ్ తొక్కేదాన్ని. తొక్కడం వచ్చేది. కొద్దికొద్దిగా వదలడం వచ్చేది కాదు, పాదం జారిపోయేది.

రివ్యూలో మళ్లీ టెస్టులు చేసి డాక్టర్ గారు సూటిగా చెప్పారు. "కుడి కాలు బాగుంది. ఎడమలో ఇంకా కొంత ఇంప్రూవ్‌మెంట్ రావచ్చు. కానీ క్లచ్ కంట్రోల్ వస్తుందని నేను ప్రామిస్ చేయలేను."

ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. క్లచ్ కోసం ఏడ్చిన మనిషిని మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. యాదగిరి పక్కన కూర్చుని నా వీపు నిమిరాడు.

"ఇగ చాలు స్వరూపా. బతికి బయటవడ్డవ్, గదే పదివేలు. ఇంట్ల నిమ్మలంగ కూసో, బండి సంగతి నేను జూస్కుంట."

ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఉద్యోగంలోంచి తీసేసినట్టు అనిపించింది. ఏడుపు ఆగిపోయింది.

నేను మంచంలో ఉండగా బజారులో బండ్లు మారిపోయాయి. మా స్కూల్‌కు ఫోన్ చేసేవాళ్లు ఆటోమేటిక్ నేర్పుతారా, కరెంటు బండి నేర్పుతారా అని అడిగేవారు. మేం నేర్పం అనేవాళ్లం. క్లచ్ లేని బండి నడపడం కూడా డ్రైవింగేనా అని మా ఇద్దరికీ మహా గీర. ఇప్పుడు నేనే అది నేర్చుకుంటానన్నాను. ఇన్నేండ్లు నేర్పినోళ్లం మళ్లీ మనమే నేర్చుకునుడా అని యాదగిరి నొసలు చిట్లించాడు. "ఔ, నేనే నేర్సుకుంట. నీకు ఇష్టముంటే పక్కపొంటి కూసో" అన్నాను.

పాత బండి ఇచ్చేసి, ఎడమ సీటు దగ్గర కూడా బ్రేక్ పెట్టించిన ఆటోమేటిక్ తెచ్చాం. ముందు యాదగిరే నడిపి చూశాడు. ఆపబోయేసరికి అతని ఎడమ కాలు అలవాటుగా లేచి, లేని క్లచ్‌ను గట్టిగా తొక్కింది. అక్కడున్నది వెడల్పాటి బ్రేక్. బండి ఒక్క కుదుపుతో ఆగింది, అతని ముక్కు స్టీరింగ్‌కు కొంచెంలో తప్పింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ అంతే. ఏళ్ల తరబడి గేర్ల బండి నడిపినవాళ్లందరికీ ఇదే తిప్పలని తర్వాత అర్థమైంది. ఎడమ కాలికి ఊరకే ఉండటం నేర్పాలి. నాది స్ప్లింట్‌లో బుద్ధిగా కూర్చుంది. జబ్బు పడ్డాక నేను మనసారా నవ్వింది ఆ రోజే.

అసలు పరీక్ష కుడి కాలిదే. పక్కవాళ్ల ప్రాణం నా బ్రేక్ మీద ఉంటుంది. తుర్కయంజాల్ అవతల ఒక వెంచర్‌లో రోడ్లు వేశారు, ఇళ్లు ఇంకా లేవలేదు. అక్కడ యాదగిరి నడుపుతూ చెప్పాపెట్టకుండా బ్రేక్ అనాలి, నేను తొక్కాలి. మొదటిసారి ఆలస్యమైంది. నేనే అన్నాను, ఈ కాలితో స్టూడెంట్‌ను కూర్చోబెట్టుకోనని. ఇంటికి వెళ్లి సమీనాకు ఫోన్ చేశాను. కుర్చీలో కూర్చుని, చప్పట్లు వినగానే కుడి పాదం ఈ గుర్తు నుంచి ఆ గుర్తుకు వేసే ఎక్సర్‌సైజ్ నేర్పింది. మా ఇంట్లో రోజూ భజన జరుగుతోందని పక్కింటివాళ్లు అనుకున్నారు. కొన్ని వారాల తర్వాత అదే వెంచర్‌లో అతను ఎన్నిసార్లు అన్నా, అన్న మాట పూర్తికాకముందే బండి ఆగింది. డాక్టర్ గారు ఫిట్‌నెస్ రాసిచ్చారు.

మొదటి స్టూడెంట్ రామలక్ష్మి గారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, విజయవాడ వైపువారు. పాతికేళ్లుగా కారు నడుపుతున్నానండీ, మావారు ఆటోమేటిక్ కొని బలవంతపెడితే వచ్చానంతే అన్నారు. వెంచర్ రోడ్డు మీద ఒకటి రెండుసార్లు ఆవిడ ఎడమ కాలు బ్రేక్ మీద పడింది. కాలు సీటు కిందికి లాక్కోమన్నాను. కాస్త కుదిరిందనుకుంటుండగా పక్క సందులోంచి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఆవిడ కంగారులో యాక్సిలరేటర్ తొక్కేశారు. బండి ముందుకు దూకింది. నా కుడి కాలు అప్పటికే బ్రేక్ మీద ఉంది. ట్యాంకర్ మా ముందు నుంచి నీళ్లు ఒలకబోసుకుంటూ వెళ్లిపోయింది.

ఆవిడ ఇంజిన్ ఆపేసి, సీట్ బెల్ట్ తీసేశారు. "నా వల్ల కాదమ్మా. ఈ వయసులో కొత్తవి ఎందుకు చెప్పండి?"

నేను చుడీదార్ పైకి జరిపి స్ప్లింట్ చూపించాను. "ఇది లేవదండీ. ఇప్పుడు బండి ఆపింది రెండోది. అది కూడా ఈమధ్యే నేర్చుకుంది. స్టార్ట్ చేయండి."

ఆవిడ మళ్లీ బెల్ట్ పెట్టుకుని, ఎడమ కాలు సీటు కిందికి లాక్కుని, స్టార్ట్ చేశారు.

ఇప్పుడు మా దగ్గర ఆటోమేటిక్ స్టూడెంట్లే ఎక్కువ. నా ఎడమ పాదం ఇంకా లేవదు, నేను ఎక్సర్‌సైజ్ మానలేదు. కరెంటు బండి ఇప్పుడే నేర్చుకుంటున్నాను, యాదగిరి కూడా గొణుక్కుంటూ పక్కన కూర్చుంటున్నాడు. ఇలాంటి జబ్బుతో ఈ పేజీ చదువుతున్నవాళ్లకు ఒకటే చెప్తాను. డిశ్చార్జ్ రోజున ఎక్సర్‌సైజులు మీ వెంట ఉన్నవాళ్లకు చూపించి పంపేస్తుంటే ఒప్పుకోకండి. మీకే నేర్పమనండి. మీరు చేసి చూపించేదాకా ఆ మంచం దిగొద్దు. ఎప్పటికి మామూలు మనిషి అవుతారో ఆసుపత్రివాళ్లు చెప్పలేరు. రేపు పొద్దున లేచి ఏం నేర్చుకోవాలో చెప్పగలరు, అది అడిగి తెలుసుకునే ఇంటికి వెళ్లండి.