యూనివర్సిటీ ఫోన్లు మార్చిన రోజులు

ఇంటర్వ్యూలో ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "నీకు ఫోన్లో మాట్లాడటం ఇష్టమేనా?" అని.

నెట్‌వర్కింగ్‌లో మాస్టర్స్ చేసి, ప్రోటోకాల్స్ అన్నీ మళ్లీ బట్టీ పట్టి, అద్దం ముందు ప్రాక్టీస్ చేసుకుని మరీ వెళ్లానా, ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర తయారు చేసుకున్న జవాబు లేదు. నిజమే చెప్పేశాను. "చాలా ఇష్టం. మా రూమ్మేట్స్ నన్ను బాల్కనీలోకి తరిమేసేంత ఇష్టం."

ఆవిడ టేబుల్ మీద చెయ్యి చరిచి నవ్వింది. మిగతా ప్రశ్నలు పేరుకే అడిగింది. ఇంకో వారంలో ఆ యూనివర్సిటీ టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో నాకు ఉద్యోగం. చేతిలో ఆఫర్ లెటర్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లో నా కారు ఎక్కడ పెట్టానో మర్చిపోయి, చివరికి పక్కవాళ్ల కారు తలుపు లాగి, అలారం మోగించి, అందరికీ సారీలు చెప్పుకుంటూ బయటపడ్డాను. నేనప్పుడు క్యారీ అనే ఊళ్లో ఉండేదాన్ని. అక్కడినుంచి గంట డ్రైవ్. ఆ గంటా కార్లో పాటలు పాడుకుంటూ వెళ్లేదాన్ని.

మా బాస్‌కి అప్పుడు అరవైకి దగ్గర. కాలేజీ వయసులో అక్కడే ఆపరేటర్‌గా చేరిందట. బోర్డు ముందు కూర్చుని ఒక తీగ తీసి ఇంకో కన్నంలో గుచ్చి లైన్లు కలిపిన మనిషి. అందరినీ 'హనీ' అని పిలిచేది, కోపం వస్తే ఇంకా మెత్తగా పిలిచేది. ఆవిడ మెత్తగా పిలిచిందంటే ఆఫీసంతా జాగ్రత్తపడేది.

నన్ను తీసుకున్నది ఒక్క పని కోసం. క్యాంపస్‌లో ఉన్న పాత ఫోన్లన్నీ తీసేసి, ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టాలి. ఎలా పెట్టాలో ముందు ఒక ప్లాన్ తయారు చెయ్యాలి. దీని మీద మా డిపార్ట్‌మెంట్‌కీ, వీధికవతల బిల్డింగ్‌లో ఉన్న నెట్‌వర్క్ డిపార్ట్‌మెంట్‌కీ అస్సలు పడేది కాదు.

వాళ్ల డైరెక్టర్ మీటింగ్‌లో లేచి, "మనిషి గొంతు కూడా డేటానే. ఈమెయిల్ వెళ్లినట్టే వెళ్తుంది," అనేవాడు.

"ఈమెయిల్ పది నిమిషాలు లేటయితే ఎవరూ చచ్చిపోరు హనీ," అనేది మా బాస్ మెత్తగా. "ల్యాబ్‌లో మంటలంటుకుని సాయం కోసం నైన్ వన్ వన్ కొట్టినవాడి సంగతి చెప్పు. పైగా నీ ఇంటర్నెట్లో గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఎప్పటికీ బాగుపడదు."

ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడటం తగ్గించేశారు. మధ్యలో కబుర్లు మొయ్యడానికి ఇటునుంచి నన్ను వేశారు. అటునుంచి ఒక నెట్‌వర్క్ ఇంజనీర్‌ని వేశారు. అతను కరీంనగర్ అబ్బాయి. నాది తెనాలి దగ్గర. మొదటిరోజే కాఫీ మెషీన్ దగ్గర నేను ఇంగ్లీషులో పరిచయం చేసుకుంటుంటే, "మీరు తెలుగేనా? నాకు మీ 'వి' వినంగనే సమజైంది," అన్నాడు. వాయిస్ అనే మాటలో 'వి' అక్షరాన్ని నేను ఎలా పలికానో అప్పటిదాకా నాకే తెలియదు.

ముందు క్యాంపస్‌లో ఎక్కడెక్కడ ఫోన్లున్నాయో చూసుకోవాలి. మా ఇద్దరికీ ఒక గోల్ఫ్ కార్ట్ ఇచ్చారు. అతను నడిపేవాడు, నేను పక్కన మ్యాప్ పట్టుకుని కూర్చునేదాన్ని. నేను ఎడమ అంటే ఎడమకే తిప్పేవాడు, అయినా వేరే బిల్డింగ్ వచ్చేది. తర్వాత తెలిసింది, నేనే మ్యాప్ తిరగేసి పట్టుకునేదాన్నని. కార్ట్‌కి పక్కల తెరలేమీ లేవు, వాన వస్తే సగం సగం తడిసేవాళ్లం. అతనికి ఎడమ భుజం, నాకు కుడి భుజం.

ఫోన్లు ఎక్కడెక్కడున్నాయో చూస్తే మతిపోయింది. ఈతకొలను పక్కన, నాటకాల స్టేజీ కింద, గ్రీన్‌హౌస్‌లో టమాటా తీగల మధ్య. ఒక తాళం వేసిన చీపుర్ల గదిలో రింగవుతున్న ఫోన్ కూడా దొరికింది. అతను ఎత్తి హలో అంటే అవతల ఎవరో పిజ్జా ఆర్డర్ చెప్పడం మొదలుపెట్టారు.

అన్నిటికంటే నాకు గుర్తున్నది వెటర్నరీ కాలేజీ ఆవుల కొట్టం. గోడమీద ఒక పాత ఫోన్, దాని నిండా గడ్డి దుమ్ము. నేను రిసీవర్ ఎత్తి వింటే డయల్ టోన్ చక్కగా మోగుతోంది. వెనక్కి తిరిగేసరికి ఒక ఆవు తల చాచి అతని ఐడీ కార్డు నములుతోంది. అతను తాడు లాగుతాడు, అది లాగుతుంది.

"గిది కూడ యూజరేనా?" అన్నాడు నావైపు చూసి.

నేను గడ్డి మోపు మీద కూలబడి నవ్వాను. లేవడానికి ఓపిక లేనంతగా నవ్వాను. అక్కడ పనిచేసే ఆయన వచ్చి, ఈతకొచ్చిన ఆవు కష్టపడితే డాక్టర్‌ని పిలిచేది ఈ ఫోన్‌తోనేనని, దీన్ని ముట్టుకోవద్దని చెప్పాడు. ఆ కొట్టానికి నెట్‌వర్క్ కేబుల్ లేదు. తర్వాతి కమిటీ మీటింగ్ మొత్తం ఆవుల మీదే నడిచింది.

చలికాలం మొదట్లో టెస్ట్ కాల్స్ మొదలయ్యాయి. అతని టేబుల్ మీదొకటి, నా టేబుల్ మీదొకటి కొత్త ఫోన్లు పెట్టారు. రోజూ వేరేవేరే వేళల్లో కాసేపు మాట్లాడాలి. గొంతు ఎంత బాగా వినిపించిందో ఒకటి నుంచి ఐదు వరకూ స్కోరు వెయ్యాలి. ఇంటర్నెట్ ఫోన్లో మన గొంతుని చిన్నచిన్న ముక్కలు చేసి పంపి, అవతల మళ్లీ అతికిస్తారు. ముక్క ఆలస్యమైతే మాటలో కన్నం పడుతుంది.

మొదట్లో ఇచ్చిన ఇంగ్లీషు వాక్యాలే చదివాం. రెండ్రోజులకే విసుగొచ్చింది. "ఏదన్నా మాట్లాడుకోండి, ఆపకుండా మాట్లాడండి, అంతే," అంది మా బాస్. ఇంకేం కావాలి నాకు!

లైన్ మాత్రం ఘోరం. ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి ఒక క్షణం పట్టేది. ఈలోగా రెండోవాళ్లు మొదలుపెట్టేవారు.

"మీరు చెప్పండి," అనేదాన్ని.

"లేదు, మీరు చెప్పుండ్రి."

"మీరే చెప్పండి."

"సరే, నేను..." "సరే, నేను..."

స్కోరు: ఒకటి.

అలా వారాలు గడిచాయి. అతను పగలంతా నెట్‌వర్క్ స్విచ్‌లలో సెట్టింగ్స్ మార్చేవాడు, గొంతు ముక్కలకి ముందు దారివ్వమని. లైన్ కొంచెం కొంచెం బాగుపడింది. అతను ఏం కూర వండుకున్నాడో నాకు తెలిసిపోయేది. బాత్రూమ్‌లో పాడతాడనీ, సొరకాయ అంటే పారిపోతాడనీ తెలిసింది. వాళ్లవైపు చేసే సర్వపిండి రొట్టె అంటే ఏమిటో నాకు చెప్పడానికి ఒక కాల్ మొత్తం పట్టింది. కాల్ టైమ్ దగ్గరపడుతుంటే నేను జుట్టు సవరించుకునేదాన్ని. ఫోన్లో ఎవరు చూస్తారని? అయినా సవరించుకునేదాన్ని.

జనవరిలో, పడిన వాన పడినట్టే గడ్డకట్టే ఐస్ స్టార్మ్ వచ్చింది. కొమ్మలు విరిగి తీగల మీద పడి క్యాంపస్‌లో కరెంటు పోయింది. మా కొత్త ఫోన్లు చప్పుడు లేకుండా ఆరిపోయాయి. పాత ఫోన్లు తీగలోంచే కరెంటు తీసుకుంటాయి కనుక మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం నెట్‌వర్క్ డైరెక్టర్ కోటు నిండా మంచుతో మా ఆఫీసుకి వచ్చి నిలబడ్డాడు. ఇంటికి ఫోన్ చేసుకోవాలి. మా బాస్ కుర్చీ జరిపి, రిసీవర్ చేతికిచ్చింది. మాట్లాడాక ఆయనే, "ప్రతి బిల్డింగ్‌లో బ్యాటరీలు పెడదాం. లిఫ్టులూ, ఫైర్ అలారాలూ, ఆ ఆవుల కొట్టం పాత తీగ మీదే ఉంచేద్దాం," అన్నాడు. ఆవిడ ఆయనకి కాఫీ కలిపి ఇచ్చింది. ప్లాన్‌లో సగం ఆ కాఫీ దగ్గరే తేలిపోయింది.

కరెంటు వచ్చాక చేసిన మొదటి టెస్ట్ కాల్‌లో లైన్ అద్భుతంగా ఉంది. అతను ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

"నేనొకటి అడుగుత, తప్పనుకోవద్దు," అన్నాడు.

"అడగండి."

"మనం పెండ్లి చేసుకుందామా? మీకు ఇష్టమైతెనే. లైన్ ఇయ్యాల మంచిగున్నది గదా, గందుకే అడుగుతున్న."

నాకు చెవులు వేడెక్కిపోయాయి. నోట్లోంచి ఏదో ఒకటి రావాలి కదా. "స్కోరు నాలుగున్నర," అని ఫోన్ పెట్టేశాను.

అంతే. తర్వాత నాలుగైదు రోజులు నేను అతనికి కనపడకుండా తిరిగాను. ఇష్టం లేక కాదు. ఎదురుపడితే నవ్వు ఆగదేమోనని. ఇంట్లో అన్నం వండుతూ నవ్వేదాన్ని, సిగ్నల్ దగ్గర కారాపి నవ్వేదాన్ని. పక్క కార్లో ఎవరో పెద్దాయన తనని చూసే నవ్వాననుకుని చెయ్యి ఊపాడు కూడా.

ఈలోగా పెద్ద కమిటీ మీటింగ్ వచ్చింది. డీన్ల తరఫువాళ్లు, ఫైనాన్స్‌వాళ్లు, ప్రొఫెసర్లు, నిండుగా ఉంది గది. నేను మా బాస్ పక్కన కూర్చున్నాను. అతను రాలేదు, సర్వర్ రూమ్‌లో పనుంది. నెట్‌వర్క్ డైరెక్టర్ లేచి, వాయిస్ ఎంత బాగుపడిందో వినిపిస్తానన్నాడు. టెస్ట్ కాల్స్ నుంచి ముక్కలు మెషీన్ దాచుకుంటుందని నాకు తెలుసు. కానీ మెషీనే వింటుంది, మనుషులు వినరు అని మా కరీంనగర్ అబ్బాయి చెప్పాడు, నేను నమ్మాను, అతనూ నమ్మాడు.

"ఇది మొదట్లో," అని మీట నొక్కాడు డైరెక్టర్. గదంతా గరగరమంటూ, "మీ... చె... ండి" అని నా గొంతు. అందరూ నవ్వారు. "ఇది పోయిన వారం. భాష మనకి అర్థం కాదు, స్పష్టత చూడండి చాలు."

స్పీకర్లలోంచి అతని గొంతు గంటలా మోగింది. "మనం పెండ్లి చేసుకుందామా? మీకు ఇష్టమైతెనే..."

నేను నీళ్ల గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఫర్వాలేదు, ఎవరికీ తెలియదు, ఎవరికీ తెలియదు అనుకుంటూ గ్లాసు పక్కనుంచి చూస్తే, టేబుల్ అటుచివర కెమిస్ట్రీ ప్రొఫెసర్ కూర్చుని ఉంది. జరీ అంచు స్కార్ఫ్, నుదుటన చిన్న బొట్టు. పాతికేళ్ల పైనుంచీ అక్కడే పాఠాలు చెబుతున్న తెలుగావిడ. కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.

"ప్రొఫెసర్, మీకు ఎలా వినిపించింది?" అన్నాడు డైరెక్టర్. అంతమందిలో ఆవిడనే అడగాలా!

"చాలా స్పష్టంగా," అంది ఆవిడ, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "ప్రతి మాటా."

మా బాస్ కూడా తలూపింది. "ఒప్పుకుంటున్నాను. గొంతు బాగుంది. నేనే తప్పు చెప్పాను," అంది. ప్లాన్ పాసైపోయింది. మొదట కెమిస్ట్రీ బిల్డింగ్‌లో మార్చాలని నిర్ణయించారు.

బయటికి రాగానే ప్రొఫెసర్ గారు నా మోచెయ్యి పట్టుకుని కిటికీ పక్కకి లాక్కెళ్లింది. "అమ్మాయీ, నువ్వేనా?"

"అవునండీ ప్రొఫెసర్ గారూ."

"ఆంటీ అను. మరి జవాబేంటి? వాడెవడో సరిగ్గా అక్కడే కట్ చేశాడు. నాకు ఊపిరాడట్లేదు."

"ఇంకా చెప్పలేదు ఆంటీ."

"చెప్పలేదా! ఇష్టమేనా?"

తల ఊపాను.

"అయితే ఇక్కడ నిలబడ్డావేం? పో!"

పరిగెత్తాను. చెప్పులతో, కోటు లేకుండా, మంచు కరిగిన నీళ్లలో చప్పుడు చేసుకుంటూ వీధి దాటి నెట్‌వర్క్ బిల్డింగ్‌కి పోయాను. అతని సీటు ఖాళీ. రొప్పుతూ అందులో కూలబడ్డాను. ఎదురుగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద చూస్తే నా పేరే.

"హలో?"

"మీరు నా సీట్ల ఏం జేస్తున్నరు?"

"మీరు నా సీట్లో ఏం చేస్తున్నారు?"

డైరెక్టర్ మీటింగ్ నుంచి సంతోషంగా వచ్చి, ఏ క్లిప్ వినిపించాడో అతనికి చెప్పాడట. అది విని వెనకదారిన మా ఆఫీసుకి ఉరికి, నేను అటే పరిగెత్తానని మా బాస్ చెబితే నా ఫోన్‌లోంచి తన నంబర్ కొట్టాడు. "సారీ చెప్పనీకి వచ్చిన," అన్నాడు.

"సరే," అన్నాను.

"ఏం సరే? సారీ సరేనా, పెండ్లి సరేనా?"

"పెళ్లి సరే."

కాల్ పోయిందేమోనని, "హలో, ఉన్నారా?" అన్నాను. అప్పుడు దూరంనుంచి మా బాస్ గొంతు వినిపించింది. "హనీ, నీ కుర్చీలో ఒకబ్బాయి కూర్చుని ఏడుస్తున్నాడు. నెట్‌వర్క్ ఏమైనా డౌనా?"

సెమిస్టర్ అయిపోయాక ఒక శనివారం పొద్దున కెమిస్ట్రీ బిల్డింగ్ ఫోన్లు మార్చాం. మిగతా క్యాంపస్ పూర్తవడానికి ఏళ్లు పట్టింది. ఈలోపల మా పెళ్లీ అయింది, ఇల్లూ మారాం. కానీ ఆ శనివారం ఒక్క బిల్డింగే, ఒక్క పొద్దుటే. అతను కింద గదిలో కేబుల్స్ మార్చాడు. నేనూ, మా బాస్ గదిగదికీ తిరిగి ఫోన్లు పరీక్షించాం. ఎమర్జెన్సీ నంబర్ కొడితే బిల్డింగ్, గది సరిగ్గా చూపిస్తోందని అవతలినుంచి చెప్పారు. మా బాస్ గట్టిగా ఊపిరి వదిలింది.

అందరికంటే ముందు మామూలు కాల్ చేసే గౌరవం ఆంటీకి ఇచ్చాం. డైరెక్టర్ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఆంటీ గొంతు సవరించుకుని, ఇంటి నంబర్ కొట్టి, భర్త ఎత్తగానే గబగబా అంది. "ఏవండీ, కుక్కర్‌లో ఇంకో రెండు గ్లాసులు బియ్యం ఎక్కువ పొయ్యండి. అందరినీ తీసుకొస్తున్నా. గోంగూర కోసి పెట్టండి, దొడ్లో ఎడమపక్కది, కుడిపక్కది కాదు, అది మరీ పులుపు."

డైరెక్టర్ ఏమందని అడిగాడు. "చరిత్రాత్మకమైన మాటలు," అన్నాడు మావాడు.

రెండు కార్లలో బయల్దేరాం. అంకుల్ కుడిపక్క గోంగూరే కోసి పెట్టారు. మా బాస్ మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుని, ముక్కు తుడుచుకుని, కంచం ముందుకి జరిపి, "హనీ, ఆ పుల్లది ఇంకొంచెం వెయ్యి," అంది.