మిషన్ ముందు పట్టుచీర

అత్తారింటిని వదిలి వచ్చి, రాజంపేటలో టైలరు అంగడి పెట్టుకున్న రెండో ఏడు. ఒక టీవీ సీరియల్ వాళ్లు షూటింగుకు నా అంగడి అడిగారు. కథలో హీరోయిన్ కూడా నాలాగే మెట్టినిల్లు వదిలి, మిషన్ కుట్టి బతుకుతుంది. తీరా చూస్తే ఆమెకు పట్టుచీర కట్టి, పైట జారవిడిచి మిషన్ ముందు కూర్చోబెట్టారు.

“ఆ కొంగు చక్రంలో పడ్తాదప్పా. అయినా, కష్టం చేసుకుని బతికేటామె అట్ల ఉంటాదా?” అన్నాను.

“జాకెట్లు కుట్టుకునేదానివి, మాకు చెప్తావా?” అని డ్రెస్సులు చూసే ఆయన కసిరాడు. చుట్టూ మూగిన జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

“కుట్టేదాన్ని కాబట్టే చెప్తాండా. నా మిషన్ మీద ఈ యేషం కుదరదు,” అంటూ మిషన్ బెల్టు ఊడదీసి చేత్తో పట్టుకున్నాను.

షూటింగ్ ఆగిపోయింది. చివరికి ఆ నటే లేచి, “మరి ఎలా ఉండాలక్కా?” అంది. లోపలి గదిలోంచి నా పాత నేతచీర తెచ్చి కట్టి, కొంగు నడుముకు దోపి, మెడలో టేపు వేశాను. అప్పుడే బెల్టు ఎక్కించాను.

కోయిలకుంట్లలో మా అత్త రోజూ ఆ సీరియల్ చూస్తుంది. ఆ చీరను గుర్తుపట్టే ఉంటుంది. పట్టనీ. నేను ఆమె గడప దాటిన రోజు కట్టుకున్నది అదే.