మెటికలు విరిచినందుకు

తెల్లవారుజామున మా అత్తయ్యగారు రోట్లో రేగుపళ్లు దంచే చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. ఇప్పుడు నా అంతట నేనే లేస్తున్నాను.

ఆవిడ పేరు రాజేశ్వరమ్మ. రాజోలు దగ్గర మా ఊరి హైస్కూలు గేటు పక్కన కూర్చుని రేగొడియాలు అమ్మేవారు. కొనడానికి వచ్చిన ఆడపిల్ల ముచ్చటగా జడ వేసుకొస్తే చాలు, బుగ్గలు నిమిరి, చేతులు తన కణతలకి ఆనించుకుని మెటికలు విరిచేవారు. "నా దిష్టే తగిలేలా ఉందే నీకు," అని నవ్వేవారు.

మొన్న శివరాత్రికి పిల్లలు జాగారమని రాత్రంతా సినిమాలు చూసి, మర్నాడు ఏమీ తినకుండా బడికి వెళ్లారు. ప్రేయర్లో ఎండకి లక్ష్మీదుర్గ అనే పిల్ల పడిపోయింది. అది చూసి పక్కపిల్ల కెవ్వుమని పడింది. ఆ తరవాత వరసకి వరస. "రాజేశ్వరమ్మ మెటికలు విరిచిన పిల్లలే పడుతున్నారు," అన్నారెవరో. ఆవిడ మెటికలు విరవని పిల్ల ఆ బడిలో ఎవరుందని?

మా ఆయన రొయ్యల చెరువు దగ్గర ఉన్న వేళ, లక్ష్మీదుర్గ నాన్న గంగాధర్ జనాన్ని వెంటేసుకుని వచ్చాడు. చేతబడి చేసేవాళ్లకి జుట్టు తీసేస్తే బలం పోతుందట. నన్ను ఆడవాళ్లు గుమ్మంలోనే పట్టుకుని ఆపేశారు.

"కొంచెం తల వంచండి పిన్నిగారూ, కత్తెర తగుల్తాది," అన్నాడు గంగాధర్.

"నేనేం చేసేను బాబూ?"

"ఇకమీదట ఏమీ చెయ్యకుండా ఉంటారనేనండి, ఆయ్."

అండీ, గారూ అంటూనే జుట్టు మొదలంటా కత్తిరించేశారు.

పిల్లలు నిద్ర లేక, తిండి లేక పడ్డారని వాళ్లని తీసుకెళ్లిన ఆసుపత్రిలో చెప్పారు. సాయంత్రానికి పిల్లలంతా నడిచి ఇళ్లకి వచ్చారు. "నాకు నిద్ర చాలలేదంతేనమ్మా," అని లక్ష్మీదుర్గ అంటుంటే, వాళ్లమ్మ అమ్ములు "నోరు మూసుకోవే" అనడం పక్కిల్లే కాబట్టి గోడ ఇవతలికి వినిపించింది.

అత్తయ్యగారు ముసుగేసుకుని మంచం మీదే ఉండిపోయారు. "పొరపాటైపోయిందని ఒక్కరైనా వచ్చి చెప్తారేమోనే," అని గుమ్మం కేసి చూసేవారు. ముద్ద దిగేది కాదు. ఎవరూ రాలేదు. ఉగాదికి ముందే పోయారు.

అప్పుడు వచ్చారు, అందరూ. కత్తెర పట్టినవాళ్లే పాడె పట్టారు. పెద్దకార్యం నాడు అమ్ములు నా పక్కన చేరి టీ తాగుతూ, "మనిషి బంగారమండి. ఎవరి కళ్లు పడ్డాయో," అంది.

"మీవే," అన్నాను.

వినపడనట్టు గ్లాసు కింద పెట్టి, "పంచదార కాస్త తగ్గిందండి," అంది.

వాళ్లు వెళ్లాక గ్లాసులన్నీ కుళాయి దగ్గర పోగుపడ్డాయి. మా ఆయన చూసి, "చీమలు పట్టేయి, కడిగెయ్యకూడదా?" అన్నారు.

"వాళ్ల ఎంగిలి నేను కడగనండి."

ఆయన లోపలికి వెళ్లిపోయారు. గ్లాసులు అక్కడే ఉన్నాయి.