గుప్పిట్లో జీలకర్ర, బెల్లం

ఎనభైల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నా పెళ్ళి. పగటి ముహూర్తం. ముస్తాబై కిటికీ దగ్గర నిలబడ్డాను. నా కళ్ళ ముందే మగపెళ్ళివారి జీపు ఒక రిక్షావాలాను గుద్దేసింది. పాపం, కాలు విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. తప్పతాగి జీపు నడిపింది పెళ్ళికొడుకు మేనమామ. తీరా పీటల మీద కూర్చున్నాక తెలిసింది, పెద్దలంతా కలిసి పక్క సీట్లో ఉన్న డ్రైవరే నడిపాడని చెప్పి అతన్ని పోలీసులకు అప్పగించారని!

అడ్డుతెర పట్టి, నా చేతిలో జీలకర్ర, బెల్లం పెట్టారు. గుప్పిట బిగించేశాను.

"తాగి నడిపినాయన థానాకెళ్ళి ఒప్పుకుంటేనే ఇది నెత్తిన పెడతాను," అన్నాను.

అమ్మ నా మోచెయ్యి పట్టుకు గుంజింది. "ఏటే ఈ పంతం? డ్రైవర్ని రేపు ఇడిపించుకుంటారు కదేటి! ముహూర్తం దాటిపోతాది!"

తెర అవతల నుంచి పెళ్ళికొడుకు గొంతు వినిపించింది. "మావయ్యా, ఎళ్ళి నిజం సెప్పు. అందాకా నేనిక్కడే కూకుంటాను."

మేనమామ తల దించుకుని వెళ్ళాడు. తర్వాత కేసూ, శిక్షా ఆయనే మోశాడు.

ముహూర్తం దాటితే అచ్చిరాదన్నారు. మాకు భేషుగ్గా అచ్చొచ్చింది. రాదా మరి? మా మీద మొదటి అక్షింతలు వేసింది, పోలీస్ స్టేషన్ నుంచి విడుదలై తిరిగొచ్చిన ఆ డ్రైవరే!